అపార్ట్‌మెంట్‌లో పిల్లి: పక్కింటివాళ్ళతో గొడవ ఎక్కడ మొదలవుతుంది?

నమస్కారమండీ. మారతహళ్ళి అయినా వైట్‌ఫీల్డ్ అయినా, బెంగళూరు అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో పిల్లి మీద వచ్చే మెసేజ్‌లు దాదాపు ఒకేలా ఉంటాయి. డక్ట్‌లోంచి, అంటే పైపులు వెళ్ళే నిలువు సందులోంచి, కంపు కొడుతోంది. కారు బానెట్ మీద గీతలు పడ్డాయి. తులసి కుండీ పాడు చేసింది. దానికి పిల్లుల్ని పెంచే మనం మూగజీవాల మీద దయ గురించి రాస్తాం, వాళ్ళకి కోపం ఇంకా పెరుగుతుంది. ఫిర్యాదు చేసేవాళ్ళలో చాలామందికి పిల్లంటే పగేమీ లేదండీ. వాళ్ళ ముక్కుకి కంపు తగిలింది, లేదా నిద్ర చెడింది. అది సరిచేస్తే సగం గొడవ ఉండదు.

ముందు వాసన సంగతి. మనలో చాలామంది లిట్టర్ బాక్సుని, అంటే పిల్లి మలమూత్రాలకి లిట్టర్ అనే ఇసుకలాంటి మట్టి పోసి పెట్టే డబ్బాని, యుటిలిటీలో పెడతారు. డక్ట్ ఉండేదీ అక్కడే. అందులో గాలి పైకి లాగుతుంది కాబట్టి, మీకు అలవాటైపోయి తెలియని వాసన పై ఫ్లోర్ వాళ్ళ బాత్రూమ్ కిటికీలోంచి నేరుగా ఇంట్లోకి వెళ్తుంది. బాక్సుని ఇంట్లోనే గాలి ఆడే మూలకి మార్చండి. ఒక పిల్లి ఉంటే 2 బాక్సులు, రెండుంటే 3. లిట్టర్ 5 నుంచి 7 సెంటీమీటర్ల మందం ఉండాలి. పల్చగా పోస్తే మూత్రం అడుక్కి దిగి ప్లాస్టిక్‌కి పట్టేస్తుంది, తర్వాత ఎంత కడిగినా వదలదు. మూత్రానికి తడిసి కట్టిన లిట్టర్ గడ్డలు రోజుకి 2 సార్లు తీసేయాలి. మొత్తం లిట్టర్ 2, 3 వారాలకోసారి మార్చి, బాక్సుని మామూలు సబ్బుతో కడిగి ఆరబెట్టాలి.

తీసిన గడ్డల్ని కమోడ్‌లో మాత్రం వేయకండి. లిట్టర్‌లో ఎక్కువగా వాడే బెంటోనైట్ మట్టి నీళ్ళు తగిలితే ఉబ్బుతుంది. పైపు జామ్ అయితే ఆ లైన్‌లో ఉన్న ఫ్లాట్లన్నీ మీ తలుపు తడతాయి. పేపర్లో చుట్టి, తడి చెత్తలోనూ పొడి చెత్తలోనూ కలపకుండా, శానిటరీ చెత్తతో పాటు విడిగా ఇవ్వండి.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాల్సిన విషయం ఫినాయిల్. వాసన అనగానే మనవాళ్ళ చెయ్యి దాని మీదకే పోతుంది. ఫీనాల్ రసాయనాల్ని విరిచే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తడి నేల మీద నడుస్తుంది, తర్వాత కూర్చుని పాదాలు నాక్కుంటుంది, అలా కడుపులోకి పోతుంది. చొంగ కారడం, తూలడం కనిపిస్తే వెంటనే వెట్ (పశువుల డాక్టర్) దగ్గరికి పరిగెత్తాలి. బ్లీచింగ్ కూడా వద్దు. మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే కళ్ళు, గొంతు మండించే గ్యాస్ వస్తుంది. మరేం చేయాలి? ముందు మూత్రాన్ని పాత గుడ్డతో అద్ది తీసేయండి, రుద్దకండి. తర్వాత పెట్ షాపుల్లో దొరికే, మూత్రం మరకని విరిచే ఎంజైమ్ క్లీనర్ బాగా తడిసేలా పోసి, 10, 15 నిమిషాలు వదిలేసి, దానంతటది ఆరనివ్వండి. మూత్రంలోని యూరిక్ ఆమ్లం స్ఫటికాలు నీళ్ళకి కరగవు. అందుకే కడిగేశాం కదా అనుకున్న చోట వాన పడ్డ రోజున వాసన మళ్ళీ లేస్తుంది. మెట్ల మీద ఎవరైనా నాఫ్తలీన్ గోళీలు చల్లితే, అవి పిల్లలకీ విషమేనని మెల్లగా చెప్పి తీయించండి.

మగపిల్లి గోడలకి మూత్రం చిమ్ముతోందంటే చాలావరకు పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కాలేదన్నమాట. 5, 6 నెలల వయసులో చేయిస్తే చాలావాటిలో ఈ అలవాటు రాదు, వచ్చినా తగ్గుతుంది. ఆడపిల్లి ఎదకొస్తే రాత్రుళ్ళు అరుస్తూనే ఉంటుంది. వారంలో తగ్గినా, 2, 3 వారాల్లో మళ్ళీ మొదలు. దానికీ మందు ఆపరేషనే. ఒక్క హెచ్చరిక: మగపిల్లి బాక్సులోకి పదేపదే వెళ్ళి ముక్కుతూ చుక్క కూడా పోయకపోతే అది అలక కాదు, మూత్రనాళం మూసుకుపోయింది. ఒకట్రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. తెల్లారేదాకా ఆగకండి.

రాత్రి పరుగులు, దభీమని దూకడాలు కింద ఇంటివాళ్ళకి బాగా వినిపిస్తాయి. పడుకునే ముందు 15 నిమిషాలు తాడుబొమ్మతో పరిగెత్తించి, ఆ తర్వాత తిండి పెట్టండి. తిని పడుకుంటుంది. బీరువా పక్కన దూకే చోట మందపాటి రబ్బరు మ్యాట్ వేయండి. పాలు మానేయండి. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి, మళ్ళీ ఆ కంపే.

ఊళ్ళో పిల్లి వీధంతా తిరుగుతుంది కదా అంటారు. అపార్ట్‌మెంట్‌లో వద్దండీ. వెచ్చగా ఉందని బానెట్ ఎక్కుతుంది, ఒక్కోసారి ఇంజిన్ సందులోకీ దూరుతుంది. బాల్కనీకి నెట్ వేయించండి. పావురాల కోసం వేసే పల్చటి నైలాన్ నెట్‌ని పిల్లి కొరికేస్తుంది. ఇన్విజిబుల్ గ్రిల్ తీగల మధ్య 2, 3 అంగుళాల సందు ఉంటే కూన జారిపోతుంది. 1 అంగుళం గడుల స్టీల్ మెష్ అడగండి. కింది అంచుకి అడుగుకో హుక్కు ఉండాలి, పిల్లి ముందు తోసి చూసేది కింది మూలనే. బిగించే ముందు కమిటీకి ఫోటో పెట్టి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

ఫిర్యాదు గ్రూపులో వస్తే జవాబు గ్రూపులో ఇవ్వకండి, తలుపు తట్టండి. "ఆంటీ, మీ కుండీలో మా పిల్లే చేసినట్టుంది. మట్టి మార్పించేస్తాను, పైన గులకరాళ్ళు పరుస్తాను, ఇక తవ్వదు." ఇంత చాలు. పొద్దున్నే పిల్లి ఎదురొచ్చిందని బాధపడే పెద్దవాళ్ళుంటే వాదించకండి, ఆ వేళకి తలుపు మూసి ఉంచండి. రేబిస్ టీకా కార్డు ఫోన్‌లో ఉంచుకోండి. మొదటిది 3 నెలల వయసులో వేయించి, తర్వాత ఏటా వేయించాలి. ఎవరినైనా గీరితే సబ్బుతో, పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగించి, డాక్టర్ దగ్గరికి మీరే తీసుకెళ్ళండి.

చట్టం సంగతి కొంచెం. 2015లో జంతు సంక్షేమ బోర్డు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, మెజారిటీ ఓటేసినా అసోసియేషన్ పెంపుడు కుక్కల్ని నిషేధించలేదు. పిల్లుల విషయంలోనూ అదే వాదన వినిపించవచ్చు. జంతువుకి విషం పెడితే భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద 5 ఏళ్ళ దాకా జైలు పడవచ్చు. ఇవి తెలుసుకుని ఉంచుకోండి, మొదటి మాటగా మాత్రం వాడకండి. అద్దెకుంటే అగ్రిమెంట్‌లో పెంపుడు జంతువుల గురించి ఏం రాసుందో ముందే చదవండి.

సంక్రాంతికి ఊరెళ్ళేటప్పుడు 4 రోజుల తిండి గిన్నెలో పోసి తాళం వేసుకుని పోవద్దు. ఒంటరిగా అరుస్తుంది, బాక్సులు నిండిపోతాయి, మీరు తిరిగొచ్చేసరికి ఫ్లోర్ అంతా మీ మీద కోపంగా ఉంటుంది. రోజుకి 2 సార్లు వచ్చి గడ్డలు తీసి నీళ్ళు మార్చే మనిషికి తాళంచెవి ఇవ్వండి. ఆ మనిషి నంబరు, మీ వెట్ నంబరు ఒక కాగితం మీద రాసి ఎదురింటివాళ్ళకి ఇచ్చి బయల్దేరండి.