అద్దానికి గుడ్డ కప్పిన పది నిమిషాలు

శ్రోతలకు నమస్కారం. నేను కడపలో పిల్లలకు కూచిపూడి నేర్పుతాను. ఈ రోజు డాన్స్ మూవ్‌మెంట్ థెరపీ, అంటే ఒంటి కదలికతో మనసుకు చేసే చికిత్స గురించి మాట్లాడతాను. మా క్లాసులో ఒకమ్మాయి ఉంది. జతి, అంటే అడుగుల వరస, ఎంత కష్టమైనదైనా తాళం తప్పదు. ప్రోగ్రాం రోజు గజ్జెలు కట్టుకునే సరికి మాత్రం చేతులు చల్లబడతాయి. "మర్చిపోతానేమో మేడం" అంటుంది. ఇంకా ప్రాక్టీస్ చెయ్యమ్మా, టెన్షన్ అదే పోతుందని చాలాసార్లు చెప్పాను. తప్పు చెప్పాను. ఆ పిల్లకు కొరత అడుగుల్లో లేదు.

నాట్యం చేసేవాళ్ల ఒంటిని చిన్నప్పటి నుంచి ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు. గురువు, అద్దం, అమ్మ, జడ్జీలు, ఇప్పుడు ఫోన్ కెమెరా. మోకాళ్లు వంచి నిలబడే అరమండి చాలలేదు, చెయ్యి జారింది, మొహంలో భావం రాలేదు. చెప్పాల్సిన మాటలే అవి. కానీ కొన్నాళ్లకు ఆ చూపు లోపలికొచ్చి కూర్చుంటుంది. గదిలో ఎవరూ లేకపోయినా తప్పులు లెక్కపెడుతుంది.

డాన్స్ మూవ్‌మెంట్ థెరపీ ఆ చూపు నుంచి మనిషికి కాస్త విడుపు ఇస్తుంది. మేరియన్ చేస్ అనే అమెరికా నర్తకి 1942లో వాషింగ్టన్‌లోని సెయింట్ ఎలిజబెత్స్ మానసిక వైద్యశాలలో ఈ పని మొదలుపెట్టారు. రోగులను గుండ్రంగా నిలబెట్టి, వాళ్ల కదలికను తన ఒంట్లోకి తీసుకుని తిరిగి చూపేవారు. గుండ్రం అనగానే నాకు మన పల్లెల చెక్కభజన గుర్తొస్తుంది. తడబడినవాణ్ణి పక్కవాడి అడుగే అందుకుంటుంది అక్కడ.

తర్వాత మేరీ వైట్‌హౌస్ అనే మరో అమెరికా నర్తకి తెచ్చిన పద్ధతి నాట్యం వచ్చినవాళ్లకు బాగా పనికొస్తుందని నా నమ్మకం. కళ్లు మూసుకోవాలి. ఒంటికి తోచినట్టు కదలాలి, తోచకపోతే ఊరికే ఉండొచ్చు. ఒకరు పక్కన కూర్చుని చూస్తారు. బాగుందనరు, బాలేదనరు. ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్లకు ఇది చాలా కష్టం. చేతులు వాటంతటవే పతాకం ముద్రలోకి వెళ్లిపోతాయి. పోనీయండి. కాసేపటికి వదులవుతాయి. భుజాలు ఎంతసేపటి నుంచి బిగబట్టామో అప్పుడు తెలుస్తుంది.

థెరపీ చేయించాల్సింది శిక్షణ పొందినవాళ్లే, నేను కాదు. నిద్ర, తిండి చెడేదాకా వస్తే ఆలస్యం చేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

క్లాసులో నేను చేసింది చిన్న మార్పు. చివరి పది నిమిషాలు అద్దానికి గుడ్డ కప్పేస్తాను, ఫోన్లు బయట పెట్టిస్తాను. పిల్లలు ఇష్టమొచ్చినట్టు కదులుతారు. నేను దిద్దను. ఆ అమ్మాయి మూడు వారాలు గోడకు ఆనుకునే నిలబడింది. పోయిన శనివారం నేల మీద కూర్చుని, కళ్లు మూసుకుని, కాలి బొటనవేలు ఒక్కటే కదిలిస్తూ ఉండిపోయింది. నేను ఏమీ అనలేదు.