ఊపిరి దాచుకునే చోటు వేరే ఉంది

అందరికీ నమస్కారం. తిమింగలాల గురించి మాట్లాడమని పిలిచారు. నేను మాత్రం చికెన్ షాపు దగ్గర మొదలుపెడతాను, ఏమీ అనుకోకండి.

కోడిని కొట్టించేటప్పుడు చూసే ఉంటారు. బ్రెస్ట్ ముక్క తెల్లగా, లెగ్ పీస్ ఎర్రగా ఉంటుంది. కోడి రోజంతా నడుస్తుంది, రెక్కలకు పని పడేది ఎప్పుడో గోడెక్కేటప్పుడే. అదేపనిగా కదిలే కాలి కండకు ఆక్సిజన్ చేతికందేలా ఉండాలి. దాన్ని పట్టి ఉంచే ప్రొటీనే మయోగ్లోబిన్. ఆ ఎరుపు దానిదే. మటన్ కడిగిన నీళ్లు ఎర్రబడితే రక్తం అనుకుంటాం గానీ, అందులో చాలా వరకు ఇదే.

లోతుకు మునిగే స్పెర్మ్ వేల్ అనే తిమింగలం కండ ఎరుపు కూడా కాదు, దాదాపు నలుపు. నేల మీద తిరిగే జంతువులతో పోలిస్తే మయోగ్లోబిన్ సుమారు పది రెట్లు ఎక్కువ. 1958లో కేంబ్రిడ్జిలో జాన్ కెండ్రూ అనే శాస్త్రవేత్త బృందం మొట్టమొదటిసారిగా ఒక ప్రొటీన్ త్రీడీ ఆకారాన్ని బయటపెట్టింది. వాళ్లు తీసుకున్నది స్పెర్మ్ వేల్ మయోగ్లోబినే. ఆ పనికి కెండ్రూకి 1962లో నోబెల్ వచ్చింది. తిమింగలానికి ఏమీ రాలేదనుకోండి.

అంత ప్రొటీన్ ఒక్కచోట కుక్కితే, ఉప్మాలో రవ్వలాగా ఉండలు కట్టాలి కదా? కట్టదు. ఎందుకో 2013లో తేలింది. లోతుకు మునిగే జంతువుల్లో ఈ అణువుల పైన పాజిటివ్ చార్జ్ ఎక్కువ. దగ్గరికి రాగానే ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి. నాకైతే ఈ మొత్తం కథలో అన్నిటికంటే నచ్చేది ఇదే.

చిన్నప్పుడు కాలవలో మునిగేముందు మనం ఛాతీ నిండా గాలి పీల్చేవాళ్లం. ఎలిఫెంట్ సీల్ అనే సముద్ర జంతువు దానికి పూర్తిగా రివర్స్, గాలి వదిలేసి మునుగుతుంది. లోతుకు వెళ్లేకొద్దీ నీటి ఒత్తిడికి ఊపిరితిత్తులు అణిగిపోతాయి. అణగడమే మేలు. లేకపోతే గాలిలోని నైట్రోజన్ రక్తంలో కరుగుతుంది, పైకి వచ్చేటప్పుడు సోడా మూత తీసినట్టు బుడగలు కడుతుంది. స్కూబా డైవర్లకు ఉండే భయం ఇదే. అందుకే ఈ జంతువులు ఆక్సిజన్‌ను ఎక్కువగా రక్తంలో, కండల్లో దాచుకుంటాయి.

దాచుకున్నది పొదుపుగా వాడటం ఇంకో విద్య. 2018లో కాలిఫోర్నియా మాంటెరీ బేలో ఒక బ్లూ వేల్ ఒంటికి రబ్బరు కప్పులతో పరికరం అతికించి గుండె కొట్టుకోవడం రికార్డు చేశారు. పైకొచ్చి ఊపిరి తీసుకునేటప్పుడు నిమిషానికి 37 సార్ల దాకా కొట్టుకున్న గుండె, మునిగినప్పుడు ఒక దశలో రెండుసార్లకు పడిపోయింది. రెండే!

ఇక ఛాంపియన్ ఎవరంటే క్యూవియర్ బీక్డ్ వేల్ అనే ముక్కు పొడుగు తిమింగలం. అమెరికాలో నార్త్ కరొలైనా తీరం దగ్గర 2017లో ఒకటి 222 నిమిషాలు నీళ్లలోనే ఉంది. మన సినిమా ఇంటర్వెల్‌తో సహా అయిపోయి, ఇంటికి వచ్చేంతసేపు.

అలాంటి జీవిని కూడా మనం తికమక పెట్టగలిగాం. 2002 సెప్టెంబరులో స్పెయిన్‌కు చెందిన కానరీ దీవుల దగ్గర నౌకాదళ విన్యాసాలు జరిగాయి. నీళ్లలోకి శబ్దం పంపి, ప్రతిధ్వనిని బట్టి జలాంతర్గాముల జాడ పట్టే సోనార్ శబ్దాలు మొదలైన కొన్ని గంటల్లోనే బీక్డ్ వేల్స్ ఒడ్డుకు రావడం మొదలైంది, మొత్తం 14. చనిపోయినవాటిని కోసి చూస్తే రక్తనాళాల్లో గాలి బుడగలు కనిపించాయి. బెదిరిపోయి, మునిగే తేలే లెక్క తప్పి ఉంటాయని శాస్త్రవేత్తల అంచనా. 2004లో స్పెయిన్ ఆ దీవుల చుట్టూ సైనిక సోనార్ వాడకాన్ని ఆపించింది. తర్వాతి ఏళ్లలో అక్కడ బీక్డ్ వేల్స్ గుంపుగా ఒడ్డున పడిన సంఘటన మళ్లీ నమోదు కాలేదు.

ప్రశ్నలుంటే అడగండి.