భీమిలి వెళితే ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి

[దృశ్యం: విశాఖపట్నం, తెల్లవారి ఆరున్నర. బస్సు లోపల. కుడివైపు కిటికీల దగ్గర జనం. ఎడమవైపు సీట్లు సగం ఖాళీ.]

వ్యాఖ్యానం: విశాఖ నుంచి సముద్రం ఒడ్డు రోడ్డు మీదుగా భీమిలి వెళ్ళే 900కె బస్సు ఇది. ఎక్కినవాళ్ళంతా కుడివైపు కిటికీ కోసం తోసుకుంటారు. సముద్రం అటువైపే కదా! నేను మాత్రం ఎడమవైపు కూర్చున్నాను. ఈ దారిలో సముద్రం మీకు ఎటూ కనిపిస్తూనే ఉంటుంది, దాన్ని ఎవరూ దాచలేరు. ఎడమ పక్కనున్న కొండల్ని మాత్రం పట్టించుకునేవాళ్ళు తక్కువ. భీమిలి ఎందుకు అలా ఉందో చెప్పేవి ఆ కొండలే.

[దృశ్యం: ఆంధ్ర తీరం పటం. గోదావరి, కృష్ణ డెల్టాలు పచ్చగా. విశాఖ దగ్గర కొండల గీత తీరాన్ని తాకుతుంది.]

వ్యాఖ్యానం: పటం చూడండి. కృష్ణా, గోదావరి జిల్లాల్లో సముద్రం ఒడ్డున నిలబడి కొండ కోసం వెతికితే కళ్ళు నొప్పి పుట్టడమే తప్ప ఏమీ దొరకదు. అక్కడ నదులు మేటలు వేసి తీరాన్ని దూరంగా నెట్టేశాయి. ఉత్తరాంధ్రకు వచ్చేసరికి తూర్పు కనుమల పాయలు కొన్ని ఏకంగా సముద్రం దాకా వచ్చి ఆగుతాయి. కైలాసగిరి అలాంటిదే. ఋషికొండ అయితే రోడ్డు దాటి మరీ నీళ్ళ పక్కకు వెళ్ళి కూర్చుంది.

[దృశ్యం: మంగమారిపేట. ఎడమవైపు తొట్లకొండ. రాతిలో తొలిచిన తొట్టి అంచున ఆగే కెమెరా.]

వ్యాఖ్యానం: మంగమారిపేట దగ్గర దిగి కొండ ఎక్కుదాం. దీని పేరు తొట్లకొండ. రాతిలో తొట్లు తొలిచారు కాబట్టి తొట్లకొండ. దగ్గరలోనే బావులున్న మరో కొండ ఉంది, దాన్ని బావికొండ అన్నారు. భీమిలిని ఆనుకున్న పావురాళ్ళకొండ మీదా ఇలాంటి తొట్లే. మూడూ పాత బౌద్ధ స్థావరాలే. ఊళ్ళవాళ్ళు బుద్ధుణ్ణి మరిచిపోయినా ఆ నీటి ఏర్పాటును మరవలేదు, కొండల పేర్లలో దాచుకున్నారు.

ఈ తొట్లు ఎందుకంటే, వానాకాలంలో భిక్షువులు ఊరూరా తిరగరు. ఒకేచోట మకాం వేస్తారు. దాన్ని వర్షావాసం అంటారు. కొండ మీద అంతమంది ఉండాలంటే నీళ్ళు కావాలి, పడిన వాన పడినట్టే రాతి మీద నుంచి జారిపోతుంది. అందుకే తొట్లు. 1988 నుంచి 1993 వరకు తొట్లకొండ మీద తవ్వకాలు జరిపినప్పుడు స్తూపం, విహారాల పునాదులతో పాటు శాతవాహనుల నాణేలు, రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. రోమ్ వెండి ఈ కొండ మీదికి ఎలా వచ్చిందని ఆశ్చర్యపోనక్కర్లేదు. ఇక్కడ నిలబడి కిందికి చూస్తే ఓడల దారి కనిపిస్తుంది. ధ్యానానికి కొండ, దాతలకు సముద్రం. భిక్షువులకు చోటు ఎంచుకోవడం బాగా తెలుసు.

[దృశ్యం: ఎర్రమట్టి దిబ్బలు, డ్రోన్ నుంచి. లోతైన గండ్లు, జీడిమామిడి చెట్లు, వెనక నీలి సముద్రం.]

వ్యాఖ్యానం: ఇక్కడ తొందరపడొద్దు, కాసేపు ఆగుదాం. ఎర్రమట్టి దిబ్బలు. పెళ్ళికి ముందు ఫొటోలు దిగడానికి వచ్చే జంటలకు ఇది ఎర్రటి తెర మాత్రమే. వీటిని 1886లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త గ్రంథస్థం చేశాడు. జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చింది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకీ ఎక్కాయి.

[దృశ్యం: యానిమేషన్. సముద్ర మట్టం తగ్గుతుంది, తీరం దూరం జరుగుతుంది, గాలి ఇసుకను లోపలికి మోస్తుంది.]

ఇరవై వేల ఏళ్ళ క్రితం భూమి మీద మంచు బాగా పేరుకుపోయిన కాలంలో సముద్ర మట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కింద ఉండేది. ఇప్పుడు అలలు కొడుతున్న చోటు అప్పుడు పొడి నేల. అలా బయటపడిన ఇసుకను గాలి వేల ఏళ్ళ పాటు లోపలికి ఎగరేసుకొచ్చి ఇక్కడ పోసింది. పైనుంచి కొండవాగులు తమ వంతు మట్టి తెచ్చాయి. గాలి సముద్రం వైపు నుంచి, నీళ్ళు కొండ వైపు నుంచి.

మరి ఎరుపు? అది కొండ రంగు. ఈ కొండల రాయిని ఖోండలైట్ అంటారు, ఖోండు గిరిజనుల పేరు మీదుగా. అందులో గార్నెట్ లాంటి ఇనుము ఉన్న ఖనిజాలు ఉంటాయి. వానకు, ఎండకు అవి శిథిలమైతే ఇనుము తుప్పు పట్టి ప్రతి ఇసుక రేణువుకూ పూతలా అంటుకుంటుంది. మీరు చూస్తున్నది తుప్పు రంగు!

ఒక మనవి. ఈ దిబ్బలు రాయి కాదు, అతుక్కున్న ఇసుక. ఈ గండ్లన్నీ వాన కోసినవే. అంచులెక్కి గెంతితే వానకు మీరు సాయం చేసినట్టే. నడిచిన దారుల్లోనే నడవండి.

[దృశ్యం: భీమిలి తీరం. తడి ఇసుకలో నల్లటి చారలు. చేతిలో చిన్న అయస్కాంతం.]

వ్యాఖ్యానం: భీమిలి తీరంలో ఈ నల్ల చారలు చూసి మురికి అనుకుని ముక్కు మూసుకునేవాళ్ళను చూశాను. ఇవీ కొండ నుంచి వచ్చినవే. ఇల్మెనైట్ లాంటి బరువైన ఖనిజాలు. అల వెనక్కి పోతూ తేలిక ఇసుకను తీసుకుపోతుంది, బరువైనవి మిగిలి చారలు కడతాయి. అయస్కాంతం పెట్టండి, కొన్ని రేణువులు అంటుకుంటాయి. పిల్లలతో వెళితే ఇది తప్పకుండా చేయండి, మురీ (మరమరాల) మిక్చరు కంటే ఎక్కువసేపు గుర్తుంటుంది.

[దృశ్యం: గోస్తని సాగర సంగమం. తర్వాత డచ్చి సమాధులు, గంటస్తంభం, దీపస్తంభం. ఒక్కొక్కటీ రెండు క్షణాలు.]

వ్యాఖ్యానం: ఈ ఏరు గోస్తని. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల దగ్గర సున్నపురాయిని తొలుచుకుంటూ, తాటిపూడి జలాశయం మీదుగా వచ్చి ఇక్కడ సముద్రంలో కలుస్తుంది. ఏటి నోరు ఉన్నచోట వర్తకులు దిగుతారు. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు దిగారు. బట్టల వ్యాపారం చేశారు, కొందరు ఇక్కడే పోయారు. ఆ సమాధులు ఇవే. 1824లో డచ్చివాళ్ళకూ ఇంగ్లీషువాళ్ళకూ మధ్య కుదిరిన ఒప్పందంతో ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతికి వెళ్ళింది. ఇక భీముడు బకాసురుణ్ణి చంపింది ఇక్కడేనని, అందుకే భీమిలికి భీమునిపట్నమని పేరు వచ్చిందని ఊరి కథ. ఆ బకాసురుడికి చాలా ఊళ్ళలో చావు రాసిపెట్టి ఉంది లెండి.

[దృశ్యం: ఒడ్డున తెప్పలు. వల సర్దుతున్న చేతులు. తర్వాత సముద్రంలోంచి తీరం వైపు: వరసగా కొండలు.]

వ్యాఖ్యానం: ఇప్పుడు నాకు ఇష్టమైన భాగం. ఒడ్డు కనిపించీ కనిపించని చోట వల వేసినవాడు, రేపు మళ్ళీ అదే చోటికి ఎలా వెళతాడు? నీళ్ళ మీద గుర్తు పెట్టలేం. జీపీఎస్ రాకముందు ఇక్కడి జాలరులకు కొండలే గుర్తులు.

[దృశ్యం: యానిమేషన్. ముందొక కొండ, వెనకొక కొండ. వాటిని కలిపే గీత సముద్రంలోకి సాగుతుంది. మరో జంట, మరో గీత. రెండూ కలిసే చోట చుక్క.]

తీరానికి దగ్గరగా ఒక కొండ, దాని వెనక దూరంగా ఇంకొకటి. తెప్ప కదులుతుంటే ముందు కొండ వెనక కొండ మీద జరుగుతున్నట్టు కనిపిస్తుంది. రెండూ సరిగ్గా ఒకే వరసలోకి వచ్చాయంటే మీరు ఒక గీత మీద ఉన్నారు. మరోవైపు ఇంకో జంటను చూసుకుంటే రెండో గీత. రెండు గీతలూ కలిసే చోటే చేపలున్న చోటు. కాగితం లేదు, పెన్సిల్ లేదు. తండ్రి కొడుక్కి తెప్ప మీద కూర్చోబెట్టి నేర్పే లెక్క. మనం ఒడ్డున నిలబడి సముద్రం వైపు చూస్తాం, బతుకు సముద్రంలో ఉన్నవాడు కొండ వైపు చూస్తాడు.

[దృశ్యం: అలల్లోకి పరుగెడుతున్న కుర్రాళ్ళు. పక్కనే అలలు విరగని, నురగ లేని సన్నని పాయ.]

వ్యాఖ్యానం: ఒక హెచ్చరిక. అలలు విరగకుండా ప్రశాంతంగా కనిపించే పాయ కనిపిస్తే అందులోకి దిగొద్దు. ఒడ్డుకు చేరిన నీరు లోపలికి తిరిగి వెళ్ళే దారి అది కావచ్చు. చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకండి, అలసిపోతారు. తీరానికి సమాంతరంగా పక్కకు ఈది బయటపడి, అప్పుడు ఒడ్డుకు రండి. ఈత రానివాళ్ళు మోకాలి లోతు దాటకపోవడమే మంచిది.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం హాయిగా ఉంటుంది. మే నెలలో వస్తే చెమటకు సిద్ధపడి రండి, తాటి ముంజలు కొంత ఓదారుస్తాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల వేటకు నిషేధం, చేపల కోసమే వచ్చేవాళ్ళు అది చూసుకోండి.

[దృశ్యం: సాయంత్రం. తిరుగు బస్సు. ఈసారి జనమంతా ఎడమవైపు. కుడివైపు కిటికీలోంచి పావురాళ్ళకొండ, వెనక పొద్దు.]

వ్యాఖ్యానం: తిరుగు ప్రయాణంలో సముద్రం ఎడమకు వస్తుంది, తోపులాట కూడా అటే. కుడివైపు కిటికీ సీటు మళ్ళీ ఖాళీగానే ఉంది. వెళ్ళి కూర్చుంటాను.