పిల్ల తొందరగా పెద్దమనిషి అవుతోందా? ఒళ్లు ఎంత, వంశం ఎంత

[తెర మీద: ఆర్కే బీచ్, సాయంత్రం. మురీ మిక్చర్ బండి చుట్టూ స్కూలు యూనిఫాంలో పిల్లలు]

"మా రోజుల్లో ఎనిమిదో తరగతి దాటాక అయ్యేవాళ్లం, ఇప్పుడు అయిదుకే!" విశాఖలో నలుగురు తల్లులు కలిస్తే ఈ మాట వస్తుంది. ఆ వెంటనే నేరం ఫారం కోడి మీదకి పోతుంది. బ్రాయిలర్ ఆరు వారాల్లో అంత బరువు పెరిగేది జాతి ఎంపిక వల్ల, దాణా వల్ల, హార్మోన్ల వల్ల కాదు. కోడిని వదిలేసి పిల్ల ఒంట్లో ఏం జరుగుతోందో చూద్దాం.

[యానిమేషన్: మెదడు అడుగున హైపోథాలమస్]

ఈడేరడాన్ని మొదలుపెట్టే మీట ఇక్కడుంది. హైపోథాలమస్ జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్‌ని విడతలు విడతలుగా వదులుతుంది. పుట్టిన కొత్తల్లో కొన్ని నెలలు పనిచేసి, తర్వాత ఏళ్ల తరబడి అణిగిపోతుంది. దాన్ని మళ్లీ లేపేది మెదడులోనే తయారయ్యే కిస్‌పెప్టిన్ అనే సంకేతం. లేచిందంటే మెదడు కిందుండే పిట్యూటరీ గ్రంథి నుంచి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్లు దిగుతాయి, అండాశయాలో వృషణాలో పని మొదలుపెడతాయి. ఆడపిల్లల్లో 8 నుంచి 13 ఏళ్ల మధ్య, మగపిల్లల్లో 9 నుంచి 14 మధ్య ఎప్పుడు మొదలైనా మామూలే. మొదలంటే నెలసరి కాదండోయ్. ఆడపిల్లకి రొమ్ము మొగ్గ తొలి గుర్తు, నెలసరి సాధారణంగా దానికి రెండు, రెండున్నరేళ్ల తర్వాత. మగపిల్లాడికి తొలి గుర్తు మీసం కాదు, వృషణాలు 4 మి.లీ. పరిమాణానికి పెరగడం.

[తెర మీద: వంశవృక్షం, మేనత్తల వైపు బాణం]

పిల్లకీ పిల్లకీ మధ్య ఈడేరే వయసులో కనిపించే తేడాలో సగానికి పైగా వంశం నుంచే వస్తుందని కవలల అధ్యయనాలు చెబుతాయి. అందుకే "అమ్మకెప్పుడు?" అని అడుగుతారు. మేనత్తల సంగతి మాత్రం ఎవరూ అడగరు, అడగాలి. ఎంకేఆర్‌ఎన్3 అనే జన్యువు ఆ మీటని అణచి ఉంచే వాటిలో ఒకటి. దానికీ త్వరగా ఈడేరడానికీ సంబంధం 2013లో బయటపడింది. ఇందులో తండ్రి నుంచి వచ్చిన ప్రతే పనిచేస్తుంది, తల్లి నుంచి వచ్చింది మూగగా ఉంటుంది. కాబట్టి లోపం నాన్నమ్మ నుంచి నాన్నకి వస్తే అతనిలో కనబడదు, అతని పిల్లల్లో బయటపడొచ్చు. తాతయ్య నుంచి వస్తే నాన్నలో, మేనత్తల్లోనే కనబడొచ్చు.

[యానిమేషన్: కొవ్వు కణం నుంచి మెదడుకి లెప్టిన్]

ఇక ఒళ్లు. కొవ్వు కణాలు లెప్టిన్ వదులుతాయి. "నిల్వ సరిపడా ఉంది" అని మెదడుకి కబురన్నమాట. లెప్టిన్ బొత్తిగా లేని పిల్లలు తమంతట తాము ఈడేరరు, అలాగని లెప్టిన్ ఒక్కటే మీట నొక్కేయదు. గేటు తీసిపెడుతుందంతే. బరువుతో ఇన్సులిన్ పెరిగితే, హార్మోన్లని రక్తంలో పట్టి ఉంచే ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్ తగ్గుతుంది, పట్టు వదిలిన హార్మోన్లు ఒంటి మీద ఎక్కువ పనిచేస్తాయి. కొవ్వులోని అరోమటేజ్ అనే ఎంజైమ్ మగ హార్మోన్‌ని ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. పైగా బరువు పెంచే జన్యువులూ, నెలసరిని ముందుకి లాగే జన్యువులూ కొన్ని ఒకటే. "ఒళ్లా, వంశమా?" అని తేల్చమంటే తేలనిది అందుకే. ఇదంతా ఆడపిల్లల్లో స్పష్టం. మగపిల్లల్లో లెక్క కలగాపులగం: ఒళ్లు ఎక్కువైతే కొందరికి ముందు, మరీ ఊబకాయమైతే కొందరికి ఆలస్యం.

[తెర మీద: గోడకి ఆనించిన స్కేలు, పుస్తకంతో ఎత్తు కొలత]

బొద్దు పిల్లల్లో అందరూ బోల్తాపడేది ఛాతీ దగ్గర. కూర్చున్నప్పుడు కొవ్వూ రొమ్ములాగే కనబడుతుంది. వెల్లకిలా పడుకోబెట్టి డాక్టరు వేళ్లతో చూస్తారు. చనుమొన కింద చిన్న బిళ్లలా గట్టిగా తగిలితే గ్రంథి, మెత్తగా జారిపోతే కొవ్వు.

ఎత్తుకి తగ్గ బరువో కాదో చెప్పే లెక్క బీఎంఐ. దానికి బరువుని కిలోల్లో తీసుకుని, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించండి. 1.38 మీటర్ల ఎత్తు, 42 కిలోలంటే బీఎంఐ 22. పెద్దవాళ్లకి అది బాగున్నట్టే, తొమ్మిదేళ్ల పిల్లకి ఎక్కువ. అందుకే వయసుని బట్టి పిల్లల డాక్టర్ల సంఘం (ఐఏపీ) చార్టు మీద చుక్క పెట్టి చూడాలి. నడుం కొలత ఎత్తులో సగం దాటినా ఎక్కువే. ఇలా ఉందని పస్తులు పెట్టకండి. ఎదిగే పిల్లకి చాలాసార్లు బరువు తగ్గించక్కర్లేదు, ఉన్నచోట ఆపితే ఎత్తే లెక్క సరిచేస్తుంది. కూల్‌డ్రింకు, బేకరీ పఫ్ తీసేయండి. పప్పు, గుడ్డు, చేప తీయకండి. రోజుకి గంటసేపు ఒగర్చేలా ఆట కావాలి.

ఆడపిల్లకి 8 లోపు, మగపిల్లాడికి 9 లోపు గుర్తులు కనబడితే, 10 లోపు నెలసరి వస్తే, ఆరు నెలల్లోనే ఒక దశ నుంచి ఇంకో దశకి దూకితే పిల్లల ఎండోక్రైనాలజిస్టుకి, అంటే హార్మోన్ల డాక్టరుకి చూపించాలి. తలనొప్పి, చూపు మసకబారడం తోడైతే వెంటనే. మగపిల్లాడిలో కారణం మెదడులో ఉండే అవకాశం ఎక్కువ గనక ఎమ్మారై తప్పకపోవచ్చు. ముందు ఎడమ చెయ్యి ఎక్స్‌రేతో ఎముక వయసు, రక్తంలో ఎల్‌హెచ్ చూస్తారు. ఆ ఎల్‌హెచ్ లీటరుకి 0.3 యూనిట్లు దాటితే మీట లేచిందని అనుమానం. అవసరమైతే నెలకో, మూడు నెలలకో ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్. అది ఈడేరడాన్ని ఆపుతుంది, బరువుని తగ్గించదు.

వెళ్లేటప్పుడు పాత ఎత్తులు రాసుకెళ్లండి. జడ విప్పి, చెప్పులు తీసి, మడమలు గోడకి ఆనించి కొలిచినవే పనికొస్తాయి. ఏడాదికి 5 సెం.మీ. పెరిగే పిల్ల ఉన్నట్టుండి 8 పెరిగిందంటే డాక్టరు ఎక్స్‌రే కంటే ముందు ఆ కాగితమే అడుగుతారు.