జోన్ టూ అనుకుని వదిలేయకండి

అందరికీ నమస్కారం.

విశాఖలో భూకంపం మాట ఎత్తితే ఎవరైనా అనేది ఒకటే: "మనది జోన్ టూ కదండీ, తుఫాను సంగతి చూడండి." నిజమే. భూకంపాన్ని తట్టుకునేలా కట్టడానికి మన దేశంలో వాడే ప్రమాణం ఐఎస్ 1893. దాని 2016 నాటి మ్యాపులో విశాఖ జోన్ 2లో ఉంది, విజయవాడ జోన్ 3లో ఉంది. నంబరు పెరిగేకొద్దీ ప్రమాదం ఎక్కువ. అయితే ఆ మ్యాపు ప్రాంతం మొత్తానికి ఒక అంచనా ఇస్తుంది, అంతే. మీరు కొన్న రెండొందల గజాల కింద ఏముందో దానికి తెలీదు. 1993లో భూకంపానికి మహారాష్ట్రలోని కిల్లారి నేలమట్టమైనప్పుడు ఆ ఊరు అప్పటి మ్యాపులో అన్నిటికన్నా తక్కువ ప్రమాదమున్న జోన్ 1లోనే ఉండేది.

కింద మట్టిని బట్టి కుదుపు మారిపోతుంది. 1985లో మెక్సికో సిటీకి భూకంప కేంద్రం 350 కిలోమీటర్ల పైచిలుకు దూరం. అయినా పాత చెరువు అడుగు బంకమట్టి మీద కట్టిన మేడలే ఎక్కువగా కూలాయి. 1964లో జపాన్‌లోని నీగాటాలో జరిగింది వేరు. నీళ్లు నిండిన వదులు ఇసుక కుదుపుకి పట్టు వదిలేసి చిక్కటి ద్రవంలా ప్రవర్తించింది. అపార్ట్‌మెంట్లు పెద్దగా పగలకుండానే పక్కకి ఒరిగిపోయాయి. దాన్నే లిక్విఫాక్షన్ అంటాం.

మన ఊళ్లో ఈ రెండు రకాల నేలా ఉంది. కొండల దగ్గర ఎర్రమట్టి కింద ఖోండలైట్ రాయి తగులుతుంది, అది మన అదృష్టం. పోర్టు కట్టిందేమో ఆటుపోట్ల చిత్తడి నేలలో. ఆ చుట్టుపక్కల మెత్తటి సముద్రపు బంకమట్టి ఉంది. బీచ్ వైపు ఇసుక. గెడ్డలు పూడ్చి వేసిన ప్లాట్ల సంగతి సరేసరి, ఆ ఫిల్లింగులో ఏం పోశారో పోసినవాడికే తెలియాలి.

అందుకే సాయిల్ టెస్ట్. ఇది జరిగేటప్పుడు ఓ గంట అక్కడ నిలబడండి. 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ, బోరు అడుగున ఒక గొట్టాన్ని మట్టిలోకి దించి, దెబ్బలు లెక్కపెడతారు. గొట్టం దిగిన మొదటి 15 సెంటీమీటర్లు లెక్కలోకి రావు, తర్వాతి 30 సెంటీమీటర్లకు పడిన దెబ్బలే ఎన్ వాల్యూ. అది ఎంత ఎక్కువైతే నేల అంత గట్టిదని లెక్క. మిట్టమధ్యాహ్నం తాడు లాగే కుర్రాళ్లు అలిసిపోతారు, 75 కాస్తా 60 అవుతుంది. దెబ్బ బలం ఐదో వంతు తగ్గిందన్నమాట. దాంతో దెబ్బలు ఎక్కువ పడతాయి, కాగితం మీద వదులు ఇసుక గట్టి ఇసుకైపోతుంది! రాడ్ మీద సుద్దముక్కతో ఎత్తు గీత గీయమనండి, చాలు.

నీటిమట్టం ఇంకో తిరకాసు. బోరు వేసేటప్పుడు పోసిన నీళ్లు లోపలే ఉంటాయి కాబట్టి, మర్నాడు కొలిస్తేనే అసలు మట్టం తెలుస్తుంది. అదీ మే నెలలో కొలిచి ఊరుకుంటే కుదరదు. అక్టోబరు తుఫాను వానల తర్వాత నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో పక్కింటి నుయ్యి చెబుతుంది. లెక్కలో ఆ మట్టమే వేయాలి. పక్క ప్లాటు రిపోర్టులో పేరు మార్చి ఇచ్చేవాళ్లూ ఉన్నారు, నా చేతికే అలాంటివి వచ్చాయి.

మధురవాడ, రుషికొండ వైపు కొండవాలు తొలిచి కట్టేవాళ్లకి ఒక మాట. ఇల్లు సగం తవ్విన రాతి మీద, సగం పోసిన మట్టి మీద పడితే ఆ రెండు సగాలూ ఒకేలా కుంగవు. కుదుపొస్తే పోసిన వైపు జారుతుంది. రాతి పొరలు వాలు వైపుకే దిగుతున్నాయా లేదా అన్నది జియాలజిస్టుకి చూపించండి. పైన వేలాడే బండల్ని కూడా.

రెండంతస్తుల సొంతిల్లు గట్టి ఎర్రమట్టి మీద కట్టుకునేవాళ్లు వీటన్నిటికీ టెన్షన్ పడక్కర్లేదు. బీచ్ దగ్గర పది అంతస్తులు లేపేవాళ్లు మాత్రం తప్పించుకోలేరు. వదులు ఇసుక దొరికితే స్టోన్ కాలమ్స్, అంటే నేలలోకి కంకర కూరిన స్తంభాలు వేసి బిగించొచ్చు, లేదా దాన్ని దాటి గట్టి రాయిలోకి పైల్స్, అంటే లోతైన పునాది స్తంభాలు దించొచ్చు. ఏది చవకో బోరు ఎంత లోతున రాయి చూపించిందో దాన్నిబట్టి ఉంటుంది.

ఇక ప్రశ్నలు అడగండి. ప్లాటు ఎక్కడుందో ముందు చెప్పండి.