హోల్డింగ్‌లో ఉన్నాం – ఎపిసోడ్ 47: నాయకుడికి జీతం ఎంత?

తమ్ముడు: నమస్కారం. ‘హోల్డింగ్‌లో ఉన్నాం’ పాడ్‌కాస్ట్, 47వ ఎపిసోడ్. ఎప్పటిలాగే బెంగళూరు మురుగేశ్‌పాళ్యలో, అక్కావాళ్ల పడకగదిలోంచి. కిందటిసారి గొంతులు నూతిలోంచి వస్తున్నాయని చాలామంది రాశారు. అందుకని పరుపు తీసి గోడకు నిలబెట్టాం.

అక్క: నిలబెట్టాం కాదు, నిలబెట్టాను.

తమ్ముడు: అక్క నిలబెట్టింది. బావగారు దూరంగా నిలబడి కోణం చెప్పారు.

బావ: నడుము పట్టేసిందయ్యా. నిన్న నాలుగు సెక్టార్లు, అంటే నాలుగుసార్లు ఎగిరి దిగాను. ఒంటిగంటకు దిగితే మంచం ఎక్కేసరికి మూడు. అదే పాత విమానాశ్రయం ఉండి ఉంటే నడిచి వచ్చేవాణ్ని.

తమ్ముడు: హుండీ.

బావ: ఇంకా మొదలే పెట్టలేదు కదా!

తమ్ముడు: రికార్డింగ్ మొదలైంది. పాత విమానాశ్రయం మాట ఎత్తితే పది రూపాయలు.

(నాణెం పడిన చప్పుడు)

అక్క: ఈ ఇల్లు 2007లో కొన్నారు. కొత్త విమానాశ్రయం ఒప్పందం 2004లోనే అయింది. దేవనహళ్లిలో 2005 నుంచి తవ్వుతూనే ఉన్నారు. ఊరంతటికీ తెలిసిన కబురు విమానం నడిపే మనిషికి తెలియలేదు.

బావ: పాతది కూడా ఉంచుతారని అందరూ అన్నారు.

అక్క: అందరూ అంటే ఇల్లు అమ్మినాయన.

తమ్ముడు: విషయానికి వద్దాం. పైలట్ శిక్షణలో ఉన్న ఒక శ్రోత ఉత్తరం రాశాడు. అమెరికాలో పైలట్ సంఘాల నాయకులు పెద్ద జీతాలు తీసుకుంటారట, కంపెనీ అధిపతుల జీతాల మీద మళ్లీ వాళ్లే మండిపడతారట, ఇది న్యాయమేనా అని అడుగుతున్నాడు.

బావ: న్యాయం కాదు. సంఘం పనికి జీతం తీసుకోకూడదు. తర్వాతి ఉత్తరం చదువు.

అక్క: ఎందుకు తీసుకోకూడదు?

బావ: సేవ కాబట్టి. జీతం పుచ్చుకుంటే అదీ ఒక ఉద్యోగమే. ఉద్యోగం ఉన్నవాడికి దాన్ని కాపాడుకోవడమే పని.

తమ్ముడు: మీరిద్దరూ మొదలుపెట్టేలోగా అక్కడి పద్ధతి చెప్పేస్తాను. అక్కడ అన్నిటికన్నా పెద్ద సంఘం ఆల్పా, అంటే ఎయిర్ లైన్ పైలట్స్ అసోసియేషన్. 1931లో చికాగోలో పుట్టింది. సభ్యుడు తన సంపాదనలో 1.85 శాతం చందా కడతాడు. సంఘం పని మీద ఒక పైలట్‌ను డ్యూటీ నుంచి తప్పిస్తే, ఆ రోజు ఎగిరి ఉంటే వచ్చే డబ్బు సంఘమే భరిస్తుంది. ఫ్లైట్ పే లాస్ అంటారు దాన్ని. జాతీయ అధ్యక్షుడిది మాత్రం పూర్తికాలపు పని, కాబట్టి ఆయనకు జీతమే ఉంటుంది.

అక్క: శాతం అన్నావు చూడు, నాకు నచ్చింది అదే. పైలట్ల జీతాలు కోస్తే సంఘం పెట్టె కూడా ఖాళీ అవుతుంది. నాయకుడికీ ఆ సెగ తగులుతుంది.

బావ: దాన్నే తిరగేసి చూడు. జీతం పెరిగితే చందా పెరుగుతుంది. నిద్ర పెరిగితే పైసా పెరగదు. ఇక నాయకుడు ఏది అడుగుతాడు? మన దగ్గర పైలట్ల వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలు చేయించడానికి ఎంత కాలం పట్టింది! సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు ఎక్కితే తప్ప 2025 జూలైలో అమలుకు రాలేదు. శాతం లెక్కన చూస్తే దాని వల్ల సంఘానికి వచ్చింది సున్నా.

అక్క: బాగా చెప్పారు. కానీ ఊరికే చేసినవాడు మాత్రం సరైనదే అడుగుతాడని ఎవరన్నారు?

బావ: నేను అంటున్నాను. రెండేళ్లు ఈ అపార్ట్‌మెంట్ సంఘానికి అధ్యక్షుణ్ని. ఒక్క రూపాయి ముట్టుకున్నానా?

తమ్ముడు: శ్రోతలూ, సీటు బెల్టులు బిగించుకోండి. ట్యాంకర్ల కథ వస్తోంది.

బావ: రానీ. 2024 మార్చి. బెంగళూరులో చాలా బోర్లు ఎండిపోయాయి. మన సంపులో చెయ్యి పెడితే మణికట్టు తడవదు. 12,000 లీటర్ల ట్యాంకర్‌కు ఐదు కిలోమీటర్ల లోపు వెయ్యి రూపాయలని జిల్లా యంత్రాంగం ధర కట్టింది. ఆ ధరకు ఒక్కడు ఫోను ఎత్తితే ఒట్టు. నేను రాత్రి రెండింటికి దిగి, యూనిఫాం విప్పకుండా గేటు దగ్గర నిలబడి, పద్దెనిమిది వందలు చొప్పున బతిమాలి మూడు ట్యాంకర్లు తెప్పించాను. నా జేబులోంచి. పొద్దున్న అరవై నాలుగు ఇళ్ల వాళ్లు స్నానాలు చేశారు.

అక్క: రసీదు?

బావ: అర్ధరాత్రి ట్యాంకర్ డ్రైవర్‌ను రసీదు అడగమంటావా? విసుక్కుని నీళ్లతో సహా వెనక్కి పోయేవాడు.

అక్క: మరునాడు అడగవచ్చు కదా. ఫోను నంబరు ఉంది కదా.

బావ: చూశావా తమ్ముడూ, ఇదీ ఆ రెండో అంతస్తు పెద్దాయన ధోరణే! వాట్సాప్ గుంపులో ఏమని పెట్టాడో గుర్తుందా? ‘లెక్క లేని నీళ్లు మాకు అక్కర్లేదు.’ అని పెట్టింది ఎన్నింటికి? ఏడున్నరకి. అంటే స్నానం చేసి పెట్టాడు!

తమ్ముడు: (నవ్వు) ఆ సందేశం నేను ఫోనులో దాచుకున్నాను.

అక్క: ఆయన పద్ధతి మంచిది కాదు, ఒప్పుకుంటాను. కానీ అడిగింది తప్పు కాదు. మీరు అధ్యక్షుడిగా ఉన్న రెండేళ్లలో లిఫ్టు బాగుచేయించారు, మేడకు సున్నం వేయించారు. ఒక్కదానికైనా మూడు చోట్ల ధర కనుక్కున్నారా? ఎవరూ అడగలేదు. ఎందుకు అడగలేదు? పాపం ఊరికే చేస్తున్నాడు, అడిగితే బాగుండదని. మొహమాటం. జీతం ఇచ్చి ఉంటే నేనే అడిగేదాన్ని.

బావ: నువ్వు జీతం ఇవ్వకుండానే అడిగావు.

అక్క: భార్యను కాబట్టి అడిగాను. మిగతా అరవై మూడు ఇళ్లవాళ్లు ఏం చేయాలి?

తమ్ముడు: అక్కా, మీటరు తిరిగిపోతోంది. కంపెనీ అధిపతుల జీతాలు...

అక్క: ఆగు. ఇప్పుడు మేనేజరు ఉన్నాడు. నెలకు ఇరవై ఎనిమిది వేలు. ట్యాంకు ఎప్పుడు కడిగారో, ట్యాంకర్లు ఎన్ని వచ్చాయో, ఒక్కోదానికి ఎంత ఇచ్చారో అంతా లిఫ్టు పక్కన అంటిస్తున్నాడు. అంటించకపోతే అడుగుతారని అతనికి తెలుసు.

బావ: అతను రాత్రి రెండింటికి గేటు దగ్గర నిలబడతాడా?

అక్క: నిలబడడు.

బావ: అదీ!

అక్క: నిలబడే పరిస్థితి రాకుండా సాయంత్రం ఆరింటికే తెప్పిస్తాడు. విమానంలో మీరు ఇంధనం లెక్క ఇలాగే చేస్తారా? గాలిలోకి ఎక్కాక చూసుకుందాం అంటారా?

(మౌనం)

తమ్ముడు: శ్రోతలూ, బావగారు నీళ్లు తాగుతున్నారు. ఇది ట్యాంకర్ నీళ్లు కాదు.

బావ: ఆ నోరు మూసుకుని నీ ఉత్తరం చదువు.

తమ్ముడు: అధిపతుల జీతాలు అంటున్నాడు. 2023లో డెల్టా విమాన కంపెనీ అధిపతి ఎడ్ బాస్టియన్‌కు షేర్లతో కలిపి సుమారు 3.4 కోట్ల డాలర్లు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ అధిపతి రాబర్ట్ ఐసోమ్‌కు సుమారు 3.1 కోట్లు. కరోనా సాయం తీసుకున్న కంపెనీల పెద్ద జీతాలకు అక్కడి ప్రభుత్వం పెట్టిన పరిమితి ఆ ఏడాది ఏప్రిల్‌లోనే తొలగిపోయింది.

బావ: తొలగీ తొలగగానే!

తమ్ముడు: అదే ఏడాది డెల్టా పైలట్లకు కూడా నాలుగేళ్లలో మొత్తం 34 శాతం పెంచే ఒప్పందం కుదిరింది లెండి.

అక్క: అంకెలు వదిలెయ్. 2003 కథ చెప్పు. వద్దు, నేనే చెబుతాను. అమెరికన్ ఎయిర్‌లైన్స్ దివాలా అంచున ఉంది. అధిపతి డాన్ కార్టీ సంఘాల ముందు కూర్చుని, ఏడాదికి 180 కోట్ల డాలర్ల భారం తగ్గాలి, అందరం త్యాగం చేద్దాం అన్నాడు. పైలట్లు, మెకానిక్‌లు, క్యాబిన్ సిబ్బంది జీతాల కోతకు ఓటు వేశారు. వేశాక బయటపడింది. పై అధికారులు కంపెనీ వదిలి వెళ్లకుండా ఉంటే వాళ్లకు పెద్ద బోనస్. ఇంకా, కంపెనీ దివాలా తీసినా 45 మంది అధికారుల పింఛను మునిగిపోకుండా 4.1 కోట్ల డాలర్లు విడిగా ఒక ట్రస్టులో దాచారు. ఇదంతా ఎక్కడ దొరికింది? ప్రభుత్వానికి సమర్పించే వార్షిక నివేదికలో! ఓటింగ్ ముగిసే దాకా ఆ నివేదిక బయటికి రాలేదు.

తమ్ముడు: ఏప్రిల్ 24న కార్టీ రాజీనామా చేశాడు.

అక్క: చేయక? నాకు ఆ కథలో కోపం తెప్పించేది బోనస్ కాదు, తేదీ. వారం ముందు చెప్పి ఉంటే వాళ్లు ఓటు వేసేవాళ్లా?

బావ: అందుకే కదా కెలహర్ గొప్పవాడు అంటాను. సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ అధిపతిగా ఉండేవాడు. 1995 ఒప్పందంలో పైలట్లు ఐదేళ్లు జీతం పెంపు వద్దనుకుని షేర్ల మీద హక్కులు తీసుకున్నారు. తన మూల వేతనం కూడా ఐదేళ్లు పెరగదని ఆయన మాట ఇచ్చాడు. అలా ఒకే పంక్తిలో కూర్చుని తినాలి.

తమ్ముడు: జపాన్ ఎయిర్‌లైన్స్ అధిపతి నిషిమత్సు ఇంకా కింద కూర్చున్నాడు బావగారూ. తన జీతం తన పైలట్ల జీతం కంటే తక్కువకు కోసుకున్నాడు. బస్సులో ఆఫీసుకు వెళ్లేవాడు, క్యాంటీన్‌లో వరుసలో నిలబడి తినేవాడు. 2010 జనవరిలో ఆ కంపెనీ దివాలా తీసింది. ఆ తర్వాత వచ్చిన ఇనమోరి అసలు జీతమే తీసుకోలేదు. కంపెనీ నిలబడింది, కానీ వేలమంది ఉద్యోగాలు పోయాయి. వాళ్లలో పైలట్లూ ఉన్నారు. బస్సు ఎక్కినాయనతో మునిగింది, జీతం వద్దన్నాయనతో తేలింది. దీంట్లోంచి ఏ సూత్రం తీయాలో నాకైతే అర్థం కాలేదు.

బావ: బస్సు ఎక్కడం మంచిదే. పాత విమానాశ్రయానికి అయితే ఇక్కడి నుంచి నాలుగు స్టాపులు...

తమ్ముడు, అక్క: హుండీ!

(నాణెం)

అక్క: సంఘం నాయకుల లెక్క కూడా అమెరికాలో దాగదు. 1959 చట్టం ప్రకారం పెద్ద సంఘాలు ఏటా ఎల్‌ఎం-2 అనే పత్రం దాఖలు చేయాలి. అధ్యక్షుడికి ఎంత, కార్యదర్శికి ఎంత, ఖర్చుల కింద ఎంత, పేర్లతో సహా ఉంటుంది. ఎవరైనా చూసుకోవచ్చు. మన దగ్గర కంపెనీల చట్టం 197వ సెక్షన్ వచ్చాక, స్టాక్ మార్కెట్‌లో ఉన్న కంపెనీ తన డైరెక్టర్ జీతం మధ్యస్థ ఉద్యోగి జీతానికి ఎన్ని రెట్లో వార్షిక నివేదికలో రాయాలి. అదీ మంచిదే. సంఘాల దగ్గరికి వచ్చేసరికే మనకు ‘పాపం, ఊరికే చేస్తున్నాడు’ అడ్డం వస్తుంది.

బావ: నువ్వు ఆ మాట అనకు.

అక్క: ఏ మాట?

బావ: పాపం అన్న మాట. (మౌనం) నా మునుపటి కంపెనీలో మా పైలట్ల సంఘం కార్యదర్శి ఉండేవాడు. నాకంటే రెండేళ్లు పెద్ద. జీతాలు ఆగి నాలుగో నెల. ప్రతి రాత్రీ ఎవరో ఒకరు ఆయనకే ఫోను చేసేవాళ్లం. ఇంటి వాయిదా కట్టలేదు, పిల్లల ఫీజు కట్టలేదు అని. ఆయనకూ జీతం రాలేదని మాకు తట్టేది కాదు. నిజంగా తట్టేది కాదు. యాజమాన్యం వాళ్లతో మాట్లాడేవాడు, టీవీలో కనిపించేవాడు. కంపెనీ మూతపడింది. మేమంతా నెమ్మదిగా ఎక్కడో ఒకచోట చేరాం. ఆయన్ని ఎవరూ తీసుకోలేదు. ఇంటర్వ్యూ దాకా పిలుస్తారు, పేరు చూస్తారు, అంతే.

తమ్ముడు: ఈ సంగతి మీరు ఎప్పుడూ చెప్పలేదు.

బావ: చెప్పడానికి ఏముంది? లైసెన్సు నిలబెట్టుకోవడానికి సిమ్యులేటర్ ఖర్చు కూడా సొంతంగా పెట్టుకున్నాడు. ఒకసారి మేమంతా కలిసి భోజనం పెట్టాం. రెసిడెన్సీ రోడ్డులో ఆంధ్రా భోజనం. శాలువా కప్పాం.

అక్క: శాలువా.

బావ: ఆ. మంచి శాలువానే.

(కాసేపు మౌనం)

అక్క: నేను అంటున్నదీ అదే కదండీ. ఆయనకు నెల నెలా ఇచ్చి ఉంటే...

బావ: ఎక్కడి నుంచి ఇస్తాం? మా జీతాలే లేవు. 1.85 శాతం సున్నాలో ఎంత?

అక్క: ముందు నుంచీ దాచి ఉంటే. మంచి రోజుల్లో.

బావ: మంచి రోజుల్లో మేం చందా ఎందుకని గొడవ పెట్టాం. నేనే పెట్టాను.

తమ్ముడు: ...నేను టీ పెట్టనా?

అక్క: కూర్చో. దాచడం అంటే గుర్తుకు వచ్చింది. ఆ హుండీలో ఎంత ఉంది?

తమ్ముడు: ఏ హుండీ?

అక్క: నలభై ఏడు ఎపిసోడ్లు. మీ బావగారు ఎపిసోడ్‌కు ఎంత లేదన్నా మూడుసార్లు పాత విమానాశ్రయం తలుస్తారు. పద్నాలుగు వందలైనా ఉండాలి. ఊపి చూడు.

(రెండు మూడు నాణేల చప్పుడు)

బావ: ఇది ఇవాళ్టిది మాత్రమే!

తమ్ముడు: మైకు కొన్నాను కదా, దానికి కొంత...

అక్క: మైకు మీ బావగారి కార్డు మీద వచ్చింది. ఆ నెల బిల్లు నేనే కట్టాను.

తమ్ముడు: నేను కోశాధికారిగా ఊరికే చేస్తున్నాను అక్కా. ఎడిటింగ్, అప్‌లోడ్, అన్నీ నేనే...

బావ: (పెద్దగా నవ్వు) అడుగు, ఇంకా అడుగు! రసీదు అడుగు!

తమ్ముడు: లేఓవర్‌లో, అంటే డ్యూటీ మీద వేరే ఊళ్లో ఆగినప్పుడు, చిల్లర లేకపోతే ఒకటి రెండుసార్లు తీసుకున్నాను. రాసి పెట్టాను.

అక్క: ఎక్కడ రాశావు?

తమ్ముడు: రోస్టర్ వెనకాల, డ్యూటీల పట్టిక ఉంటుంది కదా, దాని మీద.

అక్క: ఆ రోస్టర్ ఏది?

బావ: కింద కారు డ్రైవర్ హారను కొడుతున్నాడు. నాకు పికప్. ఇదిగో, ఆ పరుపు నేను వచ్చేసరికి మంచం మీద ఉండాలి.

అక్క: పెరుగు డబ్బా తీసుకున్నారా?

బావ: మళ్లీ ఆ డబ్బా సంగతి ఎత్తకు. రికార్డు అవుతోంది.

తమ్ముడు: ఉత్తరం రాసిన అబ్బాయికి జవాబు చెప్పలేదు మనం...

అక్క: రోస్టర్ ఏదిరా?