మంగళవారం మ్యాట్నీ: ఒక సినిమా హాళ్ల కంపెనీ కథ

అందరికీ నమస్కారం. ఇంత ఉక్కపోతలో, అదీ ఆదివారం సాయంత్రం, ఒక సినిమా హాళ్ల కంపెనీ గురించి వినడానికి ఇంతమంది వచ్చారు. చాలా సంతోషంగా ఉంది.

మా నాన్న ఇక్కడే విజయవాడ గాంధీనగర్‌లో ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో రిప్రజెంటేటివ్‌గా పనిచేశారు. ప్రింటు పెట్టెతో పాటు ఊళ్లకు వెళ్లడం, టికెట్ల లెక్క చూడటం, సెకండ్ షో వదిలాక కూర్చుని డీసీఆర్, అంటే ఆ రోజు కలెక్షన్ రిపోర్టు, రాసి పంపడం ఆయన పని. సినిమా ఆడుతుందా లేదా అని ఎవరైనా అడిగితే ఆయన మొదటి రోజు కలెక్షన్ చెప్పేవారు కాదు. మంగళవారం మ్యాట్నీకి ఎంత వచ్చిందో చూసి చెబుతానండీ అనేవారు. మొదటి రోజు వచ్చేవాళ్లు హీరో కోసం వస్తారు, ఆదివారం సెలవు కాబట్టి వస్తారు. మంగళవారం మధ్యాహ్నం వచ్చేవాడు మాత్రం సినిమాకి వెళ్లడం అలవాటున్నవాడు, హాలు నిలబడేది వాడి మీదే అని ఆయన లెక్క. ఈ కంపెనీ కథ చదివినప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొస్తుంది.

కంపెనీ పేరు పీవీఆర్. ఇప్పుడు పీవీఆర్ ఐనాక్స్, దేశంలో అన్నిటికంటే పెద్దది, 1,700 పైచిలుకు తెరలు. మొదలైంది మాత్రం ఒక్క తెరతో. ఢిల్లీ వసంత్ విహార్‌లో బసంత్ లోక్ అని ఒక మార్కెట్ ఉంది, అక్కడ ప్రియ అనే హాలు. అజయ్ బిజ్లీ వాళ్ల కుటుంబానిది అసలు రవాణా వ్యాపారం, అమృత్‌సర్ ట్రాన్స్‌పోర్ట్ అని. 1978లో ఆ హాలు వాళ్ల నాన్న కొన్నారు. పదేళ్ల తర్వాత కొడుకు దాని బాధ్యత తీసుకునేసరికి దేశమంతా హాళ్ల పరిస్థితి బాగాలేదు. వీడియో క్యాసెట్లు ఇళ్లలోకి వచ్చేశాయి, తర్వాత కేబుల్ వచ్చింది, వినోదపు పన్ను మోత మోగిపోతోంది, సంపాదన లేక యజమానులు సీట్లు బాగుచేయించడం మానేశారు, సీట్లు చిరిగిపోయాయి కాబట్టి కుటుంబాలు రావడం మానేశాయి. బిజ్లీ ఆ సమయంలో ప్రియకి మంచి సౌండు పెట్టించి, కుర్చీలు మార్చి, ఇంగ్లిషు సినిమాలు వేయడం మొదలుపెట్టారు. జనం మళ్లీ వచ్చారు.

1995లో ఆస్ట్రేలియాకి చెందిన విలేజ్ రోడ్‌షో కంపెనీతో పొత్తు కుదిరింది, వీళ్లది 60 శాతం, వాళ్లది 40. పీవీఆర్ అన్న పేరు అలా పుట్టింది: ప్రియ, విలేజ్, రోడ్‌షో. మన పిల్లలు మాల్‌కి వెళ్తూ పలికే ఆ మూడక్షరాల్లో మొదటిది వసంత్ విహార్‌లోని ఆ హాలు పేరు. 1997లో ఢిల్లీ సాకేత్‌లో అనుపమ్ అనే పాత హాలును నాలుగు తెరలుగా మార్చి తెరిచారు. మన దేశంలో మల్టీప్లెక్స్ అన్నది అక్కడే మొదలైందని చెప్పుకుంటారు.

అదే 1997లో, జూన్ 13న, అదే దక్షిణ ఢిల్లీలోని గ్రీన్ పార్క్‌లో ఉపహార్ హాలు కాలిపోయింది. కింద పార్కింగ్ దగ్గర ట్రాన్స్‌ఫార్మర్‌లో మంటలు లేచాయి, పొగ బాల్కనీలోకి వెళ్లింది, అదనంగా వేసిన సీట్లు దారికి అడ్డం, బయటపడే వీల్లేక 59 మంది చనిపోయారు. పాత హాళ్ల గురించి ఎంతో ప్రేమగా మాట్లాడుకుంటాం, నేనూ మాట్లాడతాను, నా బాల్యమంతా అక్కడే గడిచింది. కానీ ఒక ఆడమనిషి ఒంటరిగా సెకండ్ షోకి వెళ్లగలిగేదా, బాత్‌రూమ్‌కి వెళ్లగలిగేదా, మంటలొస్తే తలుపు తెరుచుకునేదా అని అడిగితే మనం తలదించుకోవాల్సిందే. మల్టీప్లెక్సులు చేసిన మేలు ఇక్కడుంది, దాన్ని ఒప్పుకున్నాకే తక్కినవి మాట్లాడాలి.

నాలుగు తెరల లెక్క ఏమిటో కూడా చెబుతాను, చాలామందికి ఇది తెలియదు. వెయ్యి సీట్ల హాలు పండగకీ, పెద్ద హీరో సినిమాకీ నిండుతుంది, మిగతా రోజుల్లో రెండొందల మంది కోసం వెయ్యి సీట్ల హాలుకి ఏసీ వేయాలి. దాన్నే చిన్నా పెద్దా నాలుగు ముక్కలు చేస్తే, ఆడే సినిమాని పెద్దదాంట్లో వేసి, తగ్గిపోతుంటే చిన్నదాంట్లోకి మార్చుకోవచ్చు, తీసేయక్కర్లేదు. ఇంటర్వెల్స్ కూడా తలో టైముకి వస్తాయి కాబట్టి అదే కేంటీను, అదే పదిమంది స్టాఫ్ రోజంతా అమ్ముతూనే ఉంటారు. స్టార్లు లేని సినిమాలకి 150 సీట్ల తెర దొరికింది. అది చిన్న విషయం కాదు.

తర్వాత అన్నీ కలిసొచ్చాయి. చాలా రాష్ట్రాలు మల్టీప్లెక్సులకు కొన్నేళ్ల పాటు వినోదపు పన్ను మినహాయించాయి, కేంద్రం కూడా 2002 నుంచి మెట్రోలు కాని ఊళ్లలో కట్టేవాటికి ఆదాయపు పన్నులో రాయితీ ఇచ్చింది. అప్పుడే మాల్స్ మొదలయ్యాయి. మాల్ కట్టేవాడికి పై అంతస్తు దాకా జనాన్ని రప్పించేది ఏదో ఒకటి కావాలి, సినిమా హాలు వాడికి స్థలం కావాలి, ఇద్దరికీ కుదిరింది. 2002లో ఆస్ట్రేలియా వాళ్లు వాటా అమ్ముకుని వెళ్లిపోయారు, మరుసటేడు ఐసీఐసీఐ వెంచర్ అనే పెట్టుబడి సంస్థ డబ్బు పెట్టింది, 2004లో బెంగళూరు ఫోరమ్ మాల్‌లో 11 తెరలు తెరిచారు, 2006లో కంపెనీ షేర్ మార్కెట్‌కి వచ్చింది. ఇటు 2002లో పుణెలో ఐనాక్స్ మొదలైంది. వాళ్లది ఆక్సిజన్ లాంటి పారిశ్రామిక వాయువుల వ్యాపారం, ఇండస్ట్రియల్ ఆక్సిజన్ నుంచే ఆ పేరు. మన హైదరాబాద్‌లో 2003లో ప్రసాద్స్ వచ్చింది. రైలెక్కి వెళ్లి మరీ ఆ పెద్ద తెర చూసొచ్చినవాళ్లు ఈ గదిలోనే ఉంటారు.

2009 వేసవి గుర్తుందా? ఏప్రిల్ నుంచి రెండు నెలలు హిందీ నిర్మాతలు మల్టీప్లెక్సులకు కొత్త సినిమాలు ఇవ్వలేదు. గొడవ టికెట్ డబ్బుల్లో వాటాల గురించి. చివరికి మొదటి వారం సగం, రెండో వారం 42.5 శాతం, మూడో వారం 37.5, ఆ తర్వాత 30 శాతం నిర్మాతకి అని ఒప్పందం కుదిరింది. ఈ అంకెలు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వాటి దగ్గరికి వస్తాను. ఇందులో ఉన్న మెలిక ఏమిటంటే, వారాలు గడిచేకొద్దీ హాలు వాటా పెరుగుతుంది. అంటే సినిమా నాలుగు వారాలు ఆడితేనే హాలుకి బాగా మిగులుతుంది. ఇప్పుడు ఎన్ని సినిమాలు నాలుగు వారాలు ఆడుతున్నాయి?

ఆ తర్వాతి పదేళ్లూ కొనడమే. 2012లో సినీమ్యాక్స్‌లో పెద్ద వాటాని 395 కోట్లకి కొన్నారు. రియల్ ఎస్టేట్ కంపెనీ డీఎల్ఎఫ్ వాళ్ల డీటీ సినిమాస్‌ని, వ్యాపారంలో పోటీ తగ్గిపోకుండా చూసే కాంపిటిషన్ కమిషన్ అడ్డంకులు దాటి, 2016లో తీసుకున్నారు. 2018లో చెన్నై సత్యం వాళ్ల ఎస్‌పీఐ సినిమాస్, 76 తెరలు, అందులో మన నెల్లూరు ఎస్2 కూడా ఉంది. చెన్నై జనం సత్యం పాప్‌కార్న్ రుచి మారుతుందేమోనని దిగులుపడ్డారు. అది నవ్వాల్సిన విషయంగా నాకు ఎప్పుడూ అనిపించలేదు, ఒక ఊరికి ఒక హాలు మీద ఉండే ప్రేమ అలాగే ఉంటుంది. ఐనాక్స్ కూడా అదే దారి: కోల్‌కతాలో 89 సినిమాస్, ఆపైన ఫేమ్, ఆపైన ఢిల్లీలో సత్యం సినీప్లెక్సెస్, ఇది చెన్నై సత్యం కాదు, వేరే కంపెనీ.

కొనడం ఒక్కటే చాలదని చెప్పడానికి ఇంకో కంపెనీ ఉంది. ముంబయిలో యాడ్‌ల్యాబ్స్ ఒకప్పుడు ఎంతో పేరున్నది. అది అనిల్ అంబానీ చేతికి వచ్చి బిగ్ సినిమాస్ అయింది, 2014 చివర్లో కార్నివాల్ అనే కంపెనీ దాన్ని కొంది, ఆ కార్నివాల్ తర్వాత దివాలా కోర్టు దాకా వెళ్లింది. బోర్డు మీద మూడు పేర్లు మారాయి. ఆ హాళ్లలో టార్చిలైటు పట్టుకుని సీటు చూపించినవాళ్ల గురించి ఎవరూ రాయలేదు.

ఇక 2020 మార్చి. హాళ్లు మూశారు. అక్టోబరు 15 నుంచి సగం సీట్లతో తెరవొచ్చన్నారు కానీ వేయడానికి సినిమాలే లేవు. సినిమా హాలు వ్యాపారంలో ఖర్చు ఆగదు. అద్దె, కరెంటు కనీస ఛార్జీ, జీతాలు, ఏసీ మరమ్మతు, ఇవన్నీ ఒక్క టికెట్ తెగకపోయినా ఉంటాయి. పీవీఆర్ మాల్ యజమానులతో అద్దె మాఫీకి బేరాలాడింది, ఉన్న వాటాదారులకే కొత్త షేర్లమ్మే రైట్స్ ఇష్యూలో 300 కోట్లు తెచ్చింది, 2021 మొదట్లో పెద్ద ఇన్వెస్టర్లకు షేర్లమ్మి ఇంకో 800 కోట్లు తెచ్చింది. 2022 మార్చిలో పీవీఆర్, ఐనాక్స్ కలుస్తున్నట్టు ప్రకటించాయి, పది ఐనాక్స్ షేర్లకు మూడు పీవీఆర్ షేర్లు. 2023 ఫిబ్రవరిలో ఆ విలీనం పూర్తయింది.

పూర్తయిన ఆ మూడు నెలల్లోనే నష్టం 333 కోట్లు. ఆరు నెలల్లో 50 తెరలు మూసేస్తామన్నారు. అదే కంపెనీకి అదే ఏడాది జులై నుంచి సెప్టెంబరు దాకా 166 కోట్ల లాభం! మధ్యలో మారిందేమీ లేదు, ఆగస్టు, సెప్టెంబరుల్లో పెద్ద హిందీ సినిమాలు ఆడాయి, రజనీకాంత్ సినిమా ఆడింది, అంతే. దీన్ని చాలామంది హిట్లు రావాలి సార్, హిట్లు వస్తే చాలు అంటారు. నేను ఒప్పుకోను. మూడు సినిమాలు ఆడకపోతే కూలిపోయే స్థితికి 1,700 తెరల కంపెనీ ఎందుకొచ్చింది అన్నది అసలు ప్రశ్న, జవాబు మా నాన్న చెప్పిన మంగళవారం మ్యాట్నీలో ఉంది.

2023-24లో ఈ కంపెనీ సగటు టికెట్ 259 రూపాయలు. మనిషికి తిండి మీద పెట్టే సగటు ఖర్చు 132. ఏడాదికి వచ్చినవాళ్లు 15 కోట్లు, మరుసటి ఏడాది 14 కోట్లలోపు. సగటు అంటే అందులో పొద్దుటి షో కూడా కలిసి ఉంటుంది, నలుగురున్న ఇల్లు శనివారం సాయంత్రం వెళ్తే రెండు వేలు దాటుతుంది. పాప్‌కార్న్ డబ్బు నిర్మాతతో పంచుకోనక్కర్లేదు, మొత్తం హాలుదే, అందుకే ఆ కౌంటర్ అంత పెద్దది. బయటి తిండి ఆపే హక్కు హాలుకి ఉందని 2023 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది, మంచినీళ్లు మాత్రం ఉచితంగా ఇవ్వాలంది. వ్యాపారం చేసేవాళ్లను నేను తప్పుపట్టడం లేదు, అద్దెలు కట్టాలి కదా. కానీ రెండు వేలు పెట్టే ఇల్లు నెలకోసారి రాదు. ఏడాదికి మూడుసార్లు వస్తుంది, అదీ అందరూ బాగుందన్న సినిమాకే వస్తుంది. అలవాటు పోయి పండగ మిగిలింది. పండగకొచ్చే జనంతో మంగళవారాలు నడవవు.

ఈ సంగతి కంపెనీకి తెలియదని కాదు. 2022 సెప్టెంబరు 23న జాతీయ సినిమా దినోత్సవం అని మల్టీప్లెక్సులన్నీ కలిసి 75 రూపాయల టికెట్ పెడితే ఒక్కరోజులో 65 లక్షల మంది వచ్చారు. నా మటుకు నాకు అంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. ఇళ్లలో ఓటీటీ ఉంది, ఫోన్లున్నాయి, అయినా వచ్చారు. 2023 అక్టోబరులో పాస్‌పోర్ట్ అని నెలకి 699 రూపాయల పథకం తెచ్చారు, పది సినిమాలు చూడొచ్చు, అయితే సోమవారం నుంచి గురువారం లోపే. ఖాళీగా ఉండే రోజుల్ని నింపుకోవాలన్న ప్రయత్నం అది. ఇరవై ఐదేళ్లు శనివారాన్ని అమ్మిన కంపెనీ మంగళవారం కోసం వెతుక్కుంటోంది.

మన దగ్గర లెక్క కొంచెం వేరు. తెలంగాణలో 2021 జీవో మల్టీప్లెక్స్‌లో మామూలు సీటుకి గరిష్ఠం 250 అని పెట్టింది, పన్నుతో 295. ఇక్కడ ఆంధ్రలో 2022 జీవో నగరాల్లో మామూలు సీటుకి 150 అని పెట్టింది, పన్నుతో 177. పెద్ద సినిమాకి ప్రత్యేక జీవో తెచ్చుకుని పెంచుతారు, మొదటి వారం అలవాటున్నవాడు కూడా ఇంట్లో కూర్చుంటాడు, ధర తగ్గేసరికి సినిమా వెళ్లిపోతుంది. ఇందాక చెప్పిన వాటాల అంకెలు ఇక్కడికి వస్తాయి. మన సింగిల్ స్క్రీన్లు చాలావరకు పర్సంటేజీ మీద కాదు, అద్దె మీద నడుస్తాయి. ఆ అద్దెతో కరెంటు బిల్లు కూడా రావడం లేదు, మల్టీప్లెక్సులకు ఇచ్చినట్టే మాకూ పర్సంటేజీ ఇవ్వండి, లేకపోతే జూన్ 1 నుంచి మూసేస్తాం అని 2025 మేలో రెండు రాష్ట్రాల ఎగ్జిబిటర్లు, అంటే హాళ్లు నడిపేవాళ్లు, అన్నారు. పెద్ద గొడవైంది, బంద్ ఆగిపోయింది. కానీ వాళ్లు అడిగింది న్యాయమైన మాటని నేను గట్టిగా నమ్ముతున్నాను.

పీవీఆర్ ఐనాక్స్ ఇప్పుడు సొంత డబ్బుతో తెరలు కట్టడం తగ్గించుకుంటోంది. స్థలం ఉన్నవాళ్లే పెట్టుబడిలో పెద్ద భాగం పెట్టాలి, లేదా మొత్తం పెట్టాలి, కంపెనీ తన పేరిచ్చి నడిపిపెడుతుంది. అప్పులు తగ్గుతాయి, కంపెనీకి అది తెలివైన పనే. హిట్ లేని మూడు నెలల భారం ఎవరి మీద పడుతుందన్నది ఒప్పందం రాసుకునేటప్పుడు చూసుకోవాలి.

కృష్ణా జిల్లాలో ఒక చిన్న ఊళ్లో మా నాన్న స్నేహితుడికి 800 సీట్ల హాలుంది. ఏదో ఒక పెద్ద కంపెనీకి ఇచ్చి మూడు తెరలు చేయించమని ఆయన కొడుకులు పట్టుబడుతున్నారు. పోయిన నెల ఫోన్ చేసి, ఏం చేయమంటావు బాబూ అని అడిగారు. మూడు తెరలు చేయించండి బాబాయ్ గారూ, కానీ వాటిలో ఒకటి మామూలు రోజుల్లో ఎనభై రూపాయలు దాటనీయకుండా ఒప్పందంలో రాయించుకోండి, వాళ్లు ఒప్పుకోకపోతే సొంతంగా రెండే చేయించండి అన్నాను. ఆయన ఇంకా ఏమీ తేల్చుకోలేదు. వచ్చే ఆదివారం రమ్మన్నారు, మా నాన్న దాచిన డీసీఆర్ నకళ్లు పట్టుకుని. 1984లో తన హాల్లో మంగళవారం మ్యాట్నీకి ఎన్ని టికెట్లు తెగేవో కొడుకులకి చూపించాలట. అటక మీంచి ఆ పెట్టె దించాను, సగం కాగితాలు చెద పట్టాయి, 1984వి మాత్రం బాగానే ఉన్నాయి.

ఇక మీరు అడగండి.